నాలుక కింది ముడి

కత్తెర వేసిన నీళ్ళు ఇంకా మరగనే లేదు, సలోమా పొయ్యి మీంచి గిన్నె దించేసింది. వరండాలోకి నడిచి, ఆ వేణ్ణీళ్ళు మెట్ల పక్కన గడ్డిలో పారబోసింది. కత్తెర రాయికి తగిలిన చప్పుడు వంటింట్లోకి వినపడింది.

మంత్రసాని వెర్నా తల తిప్పలేదు. గుమ్మం పైన కొక్కేనికి తగిలించిన తూకం ముల్లునే చూస్తోంది. దాని కింద గుడ్డ ఉయ్యాల్లో రెండు వారాల పసిగుడ్డు వేలాడుతోంది.

"ఎంతుంది?" అంది పిల్ల తల్లి లోవీనా.

"మొన్నటికన్నా మూడు ఔన్సులు తక్కువ. పుట్టినప్పటికన్నా పదమూడు తక్కువ."

"పిల్లలన్నాక మొదట్లో తగ్గుతారు," అంది సలోమా లోపలికొచ్చి, ఖాళీ గిన్నె బోర్లిస్తూ.

"మొదటి వారం తగ్గుతారు. రెండో వారానికి తిరిగి తెచ్చుకుంటారు. పన్నెండు వందల పురుళ్ళు పోశాను సలోమక్కా. ఆ ముచ్చట నాకు చెప్పకు."

వెర్నా ఉయ్యాల్లోంచి పసిపిల్ల ఎఫీని తీసుకుంది. చిటికెన వేలు నాలుక కింద పెట్టి కొంచెం పైకెత్తింది. "ఇటు రా, కళ్ళారా చూడు. కొసదాకా పొర అంటుకుపోయింది. ఈ నాలుక చిగురు దాటి రాదు. నాలుక ముందుకు రాకపోతే రొమ్ము పట్టలేదు. పట్టినా జారిపోతుంది. ఆ టక్‌ టక్‌మనే చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందనుకున్నావ్?"

"చూశాన్లే. ముప్పై నాలుగేళ్ళ కిందటే చూశాను."

"చూసి?"

"చూసేముంది, నా కొడుక్కి చెంచాతో పోశాను. ఆర్నెల్లు పోశాను. వాడేం చచ్చిపోలేదు."

"ఇది చెంచాతో పోస్తే కక్కేస్తోంది అత్తయ్యా," అంది లోవీనా. "నిన్న సాయంత్రం నుంచి గుడ్డ తడవలేదు."

ఆమె రవిక లోపల పెట్టుకున్న మెత్తటి పాత గుడ్డకి నెత్తురంటింది. దాన్ని ఎవరికీ చూపించలేదు. వెర్నా అడక్కుండానే తెలుసుకుంది, ఆమె భుజాలు ముందుకు వంచి నిలబడ్డ తీరు చూసి.

"అది దేవుడు వేసిన ముడి," అంది సలోమా. "మనుషులు కత్తెర పుచ్చుకు తిరగడానికి లేదు."

"బొడ్డు తాడూ దేవుడే పేనాడు. మొన్న నేను కోస్తుంటే దీపం పట్టుకున్నది నువ్వే."

"మాటలు బాగా నేర్చావు వెర్నా."

"నీ కొడుక్కి నేర్పనివ్వలేదుగా. అతని వాటా కూడా నాకే వచ్చింది."

సలోమా మొహం ఎర్రబడింది. కాసేపు బల్ల మీద లేని మెతుకులు అరచేత్తో ఊడ్చింది. తర్వాత ఆమె గొంతు తగ్గింది. ఆ గొంతు తగ్గితే లోవీనాకి భయం. అరిచినప్పుడు అత్తయ్యకి ఎదురు చెప్పొచ్చు, ఇలా మాట్లాడినప్పుడు కుదరదు.

"వెర్నా, మీ అమ్మమ్మ బొటనవేలి గోరు పెంచుకుని తిరిగేది. పురుడు పోసిన చేత్తోనే ఆ గోటితో పిల్లల నాలుక కింద గీకేసేది. నా కొడుకు నోట్లోనూ పెట్టబోయింది. నేను చెయ్యి తోసేశాను. ఆ రోజు నుంచీ చచ్చేదాకా ఎన్ని ఇళ్ళలో చెప్పిందో నాకు తెలీదా? సలోమా కన్నబిడ్డని మూగవాణ్ణి చేసిందని. బళ్ళో పిల్లలు వాడి వెనకాల నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడేవాళ్ళు. నేను ఊరుకున్నాను. సరే, నాలుగు వారాల కిందటి ఆదివారం ఏమైంది?"

సలోమా ఎనిమిది వేళ్ళు చాచి చూపించింది.

"కొత్త బోధకుణ్ణి ఎంచడానికి, ఒకదాంట్లో చీటి దాచి, ఎనిమిది పాటల పుస్తకాలు బల్ల మీద పెట్టారు. ఎనిమిదిమంది మగాళ్ళు తలా ఒకటి తీసుకున్నారు. ఏడుగురికి నాలుక కత్తిలా తిరుగుతుంది. బోధకుడి చీటి ఎవరి పుస్తకంలో ఉంది వెర్నా? నోటితో చెప్పు."

"నీ కొడుకు మహ్లోన్ పుస్తకంలో."

"దేవుడికి ఆ నాలుక అలాగే కావాలన్నమాట. ముప్పై నాలుగేళ్ళ తర్వాత సంఘం ముందు నన్ను ఆయనే గెలిపించాడు. ఇప్పుడు ఆ బోధకుడి ఇంట్లోనే, ఆ నాలుక పొరపాటని, ఇంకో నాలుకకి కత్తెర పెడతారా?"

"చీటి నీ కొడుక్కొచ్చింది. ఈ పిల్లకి రాలేదు."

"ఆడపిల్లకి ప్రసంగాలతో పనేంటి? నాలుక కాస్త కట్టేసుంటేనే కాపురం సాఫీగా సాగుతుంది." ఆ మాట మంత్రసానికే అంది, చూపు మాత్రం కోడలి మీద ఉంది. "మోషేకీ నాలుక తిరిగేది కాదు. దేవుడు పంపలేదా?"

"పక్కన మాట్లాడ్డానికి అన్నని కూడా పంపాడు. నీ కొడుకు పక్కన ఎవరున్నారు, నువ్వా?"

వెర్నా పిల్లని లోవీనాకి అందించి చేతులు కడుక్కుంది. మెట్ల పక్కకి వెళ్ళి గడ్డిలోంచి కత్తెర వెతికి తెచ్చుకుంది. తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది రెండు క్షణాల పని. గొంతు విప్పి ఏడ్చేలోపు అయిపోతుంది, వెంటనే రొమ్ము పడుతుంది. కానీ తండ్రి నోటితో చెప్పాలి. బోధకుడి ఇంట్లో, ఆయన మాట లేకుండా, వాళ్ళమ్మ వద్దంటుంటే కోశానని రేపు అంటారు. ఆ తర్వాత నన్ను ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. పట్నం ఆస్పత్రికి కారు పిలవాలన్నా ఆ మాట చెప్పాల్సింది అతనే. మధ్యాహ్నం భోజనాల దాకా ఉంటాను. తర్వాత వాగు అవతల కవలల పురుడుంది. ఆదివారం దాకా రాలేను." పిల్ల వైపు చూసింది. "ఇది ఆదివారం దాకా ఆగదు."

"మంచిది," అంది సలోమా. "భోజనాలయ్యాక బిషప్ ఈనోస్ వస్తున్నాడు, ఎల్లుండి మొదటి ప్రసంగం గురించి మాట్లాడ్డానికి. ఆయన్నే అడుగుదాం."

*

తోలు కొట్టంలో మహ్లోన్ బల్ల ముందు కూర్చుని గుర్రపు పట్టెడ కుడుతున్నాడు. రెండు సూదులు, ఒకే దారం. ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి దూసి, రెండు చేతులూ ఒకేసారి చాచి బిగిస్తాడు. లోవీనా పిల్లతో వచ్చి ఎదురుగా నిలబడింది. అతను తలెత్తి పిల్లని చూశాడు. మళ్ళీ దారం చూసుకున్నాడు.

"పదమూడు ఔన్సులు," అంది.

సూది దూరింది.

"వెర్నా నీ మాట కావాలంటోంది. కొయ్యమను. అంతే. పొడుగు మాటేం కాదు."

సూది దూరింది.

"మహ్లోన్!"

చీటి వచ్చిన నాటి నుంచీ అతను ఇంట్లో పది మాటలు ఆడి ఉండడు. అంతకుముందూ అతనివి పొదుపు మాటలే. రకారాలూ లకారాలూ నోట్లోనే నలిగి తడితడిగా బయటికొస్తాయి. బయటివాళ్ళ ముందు వేలు చూపిస్తాడు, తలాడిస్తాడు. గుర్రాలతో మాత్రం మాట్లాడతాడు. కొట్టం వెనక నిలబడి లోవీనా ఎన్నోసార్లు వింది. గుర్రానికి అతను కథలు చెబుతాడు.

"ఎల్లుండి రెండొందల మంది ముందు నిలబడి గంటసేపు మాట్లాడాలి. కాగితం ముక్క ఉండదు చేతిలో. ఇవాళ నీ కూతురి కోసం ఒక్క మాట అనలేవా? నీకు జరిగింది దీనికీ జరగాలా? నువ్వు బళ్ళో పడ్డది ఇదీ పడాలా?"

అతను దారం బిగించాడు. బిగిస్తూ తల అడ్డంగా ఊపాడు. అది కాదనడమో, నన్నడక్కు అనడమో ఆమెకి తెలియలేదు.

"మీ అమ్మకి భయపడుతున్నావు."

మళ్ళీ ఊపాడు.

"మరి దేవుడికా?"

సూది ఆగింది.

అక్కడ తగిలింది దెబ్బ. లోవీనాకి అర్థమైంది. వాళ్ళమ్మ మాట అతని లోపల కూడా కూర్చుంది. ఆ చీటి దేవుడు రాసిన ఉత్తరం. ఈ నాలుకే కావాలని అందులో ఉంది. కత్తెరకి ఊఁ అంటే ఆ ఉత్తరం చించినట్టే.

ఆ ఉత్తరం దాకా అతన్ని తీసుకెళ్ళిందెవరో లోవీనాకి తెలుసు. తెలిసి నాలుగు వారాలుగా అన్నం సయించడం లేదు.

ఆ ఆదివారం నిండు నెలల కడుపుతో వరసలో నిలబడింది. ఒక్కొక్కరే వెళ్ళి, ఓరగా తెరిచిన తలుపు సందులో, అవతల కూర్చున్న ఈనోస్ చెవిలో ఒక పేరు చెప్పాలి. ఏ పేరు మూడు గొంతుల్లోంచి వస్తే ఆ మనిషి పుస్తకాల బల్ల దగ్గరికి వెళతాడు. తన మొగుడి పేరు ఏ ఆడదీ చెప్పదు. ఆమె చెప్పింది.

అతను బోధకుడు కావాలని కాదు. దేవుడు అలాంటి నాలుకని ఎందుకు ఎన్నుకుంటాడు? పేరు పిలిస్తే చాలు, భయపడతాడు, భయపడి సంఘం బయటి ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ పొర కోయించుకుంటాడు అనుకుంది. మూడేళ్ళ కిందట ఒకసారి ఆమె పోరు పడలేక బండి కట్టుకుని ఆ డాక్టరు గుమ్మం దాకా వెళ్ళాడు. బండి దిగకుండానే తిరిగొచ్చాడు. ఈసారి దిగుతాడనుకుంది. చీటి అతని పుస్తకంలోనే ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

కూతురి నాలుక కోయనివ్వని వాదన అత్తయ్యకి తనే చేత్తో అందించింది.

"భోజనానికి రా," అంది. ఇంకేదో అనబోయింది. చేతుల్లో పిల్ల టక్‌మని నాలుక ఆడించి, ఏమీ దొరక్క, మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు.

*

బల్ల మీద కోడి నూడుల్స్, రొట్టె, ఆపిల్ గుజ్జు, ఊరేసిన బీట్‌రూటు. నలుగురూ కూర్చున్నారు. ఎఫీ సలోమా ఒళ్ళో ఉంది. వడ్డించేటప్పుడు సలోమా తీసుకుంది, తర్వాత లోవీనా చేతులు చాచినా ఇవ్వలేదు.

తలలు వంచారు. ఈ ఇంట్లో ప్రార్థన మౌనంగానే. ఇంటి మగవాడు తలెత్తితే అయినట్టు.

మహ్లోన్ తల ఎత్తలేదు.

నూడుల్స్ మీద ఆవిరి తగ్గింది. గడియారం కొట్టుకుంటోంది. వెర్నా బండి గుర్రం వాకిట్లో గిట్టలు తాటించింది. సలోమా ఓరకంట కొడుకుని చూసి మళ్ళీ తల వంచేసింది. అతను తలెత్తకుండా ఎవరూ ఎత్తడానికి లేదు. గిన్నెలో కొవ్వు పొరకట్టింది. లోవీనా తన చేతుల్నే చూసుకుంటోంది. ఇతను మాట తప్పించుకోవడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడని ఆమెకి తోచింది. సాయంత్రం దాకా ఇలాగే కూర్చోగలడు. వెర్నా వెళ్ళిపోతుంది.

"నీ పేరు చెప్పింది నేను," అంది.

వెర్నా మోచెయ్యి తగిలి చెంచా కింద పడింది. ప్రార్థనలో మాట్లాడిన మనిషిని ఆ బల్ల ఇంతవరకు ఎరగదు.

"తలుపు సందులో. ఈనోస్‌కి. నీ పేరు నేనే చెప్పాను."

అప్పుడు తలెత్తాడు మహ్లోన్. అందరూ ఎత్తారు.

"సిగ్గులేనిదానా!" అంది సలోమా. "పెళ్ళాం మొగుడి పేరు చెప్పడమా? పైగా చెప్పానని చెప్పుకోవడమా? నీ నోటికి ముడి వెయ్యాల్సింది!"

"వెయ్యండి. పిల్లకి విప్పండి, నాకు వెయ్యండి."

"ఎందుకు చెప్పావే?"

"డాక్టరు దగ్గరికి పోతాడని చెప్పాను. దేవుడి చిత్తమని చెప్పలేదు. మీరు నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారే అత్తయ్యా, ఆ చీటి వెనకాల ఉన్నది నా యుక్తి. దాన్ని పట్టుకుని నా పిల్లని చంపకండి."

సలోమా ఒళ్ళో పిల్లని సర్దుకుంది. తర్వాత నవ్వింది.

"నీ ఒక్క గొంతుతో ఏమవుతుంది? మూడు గొంతులు కావాలి. నువ్వు కపటంతో చెప్పావు. మిగతా ఇద్దరూ దేవుడికి భయపడి చెప్పారు. ఎనిమిది పుస్తకాల్లోంచి ఆ పుస్తకం తీయించింది నువ్వు కాదు. నీ కపటాన్ని కూడా ఆయన వాడుకున్నాడు. విన్నావా వెర్నా? నా మాట ఇంకా గట్టిపడింది."

వెర్నా గడియారం వైపు చూసింది. కుర్చీ వెనక్కి జరిపి, సంచీ దగ్గరికి లాక్కుంది.

"రెండో గొంతు నాది."

ఆ మాట ఎటునుంచి వచ్చిందో ఒక క్షణం ఎవరికీ తెలియలేదు. మహ్లోన్ నూడుల్స్ గిన్నె వైపు చూస్తూ అన్నాడు. తడితడిగా, నలిగి, అయినా స్పష్టంగా.

"ఏమిట్రా?" అంది సలోమా.

"నా పేరు. నేను చెప్పాను."

"నీ పేరు నువ్వు... సొంత నోటితో?"

"ఊఁ."

తనను తాను పైకెత్తుకోవడాన్ని మించిన పాపం వాళ్ళలో లేదు. చొక్కాకి పైకి కనపడే బొత్తాలు కూడా పెట్టుకోని మనుషులు. లోవీనా బల్ల అంచు పట్టుకుంది. ఆరేళ్ళు కాపురం చేసిన మనిషిని ఆమె కొత్తగా చూసింది.

"ఎందుకు?" అంది. పెదాలే కదిలాయి.

"మాట్లాడాలని." ఊపిరి తీసుకున్నాడు. ఒక్కో మాటనీ తోలులోంచి సూదిని లాగినట్టు లాగుతున్నాడు. "ముప్పై నాలుగేళ్ళు విన్నాను. అందరివీ. వేలు పెడితే తప్పులు దొరికే ప్రసంగాలు. లోపల నాదీ ఒకటుంది. ఒకసారి చెప్పాలనిపించింది."

"నువ్వు తృప్తిగా ఉన్నావురా," అంది సలోమా. "నీకు మాటలక్కర్లేదు. చిన్నప్పట్నుంచీ నువ్వంతే. నెమ్మదస్థుడివి. అందరితో నేనదే చెప్పాను."

"నువ్వు చెప్పావు."

సలోమా లేచింది. ఎఫీని ఎడమ భుజాన వేసుకుని, కుడి చేత్తో మేకుకున్న నల్ల టోపీ తీసి తలమీద పెట్టుకుంది. ఒంటి చేత్తో నాడాలు ముడి పడలేదు. అలాగే వేలాడనిచ్చింది.

"ఈనోస్ వచ్చేదాకా ఎందుకు, నేనే ఎదురెళతాను. ఆ చీటి చెల్లదు. పొగరుతో తెచ్చుకున్నది చెల్లదు. నిన్ను దింపెయ్యమంటాను. ఎల్లుండి నువ్వు నిలబడ్డానికి వీల్లేదు."

"చెల్లకపోతే," అంది వెర్నా నెమ్మదిగా, "ఈ నాలుక దేవుడికి ఇలాగే కావాలన్న మాట కూడా చెల్లదుగా సలోమక్కా."

సలోమా గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఈనోస్‌కి తెలుసు," అన్నాడు మహ్లోన్.

"ఏం తెలుసు?"

"ఆ రోజే తెలుసు. అతని చెవిలోనే చెప్పాను." చేత్తో తన నోరు చూపించుకున్నాడు. "ఈ ముప్పై ఇళ్ళలో ఇలాంటి గొంతు ఇంకొకటుందా?"

ఈనోస్‌కి తెలుసు. తెలిసీ ఆ పేరు లెక్కలోకి తీసుకున్నాడు. తెలిసీ పుస్తకం బల్ల మీద పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆ బల్ల చుట్టూ ఉన్న ఎవరికీ అంతుపట్టలేదు.

మహ్లోన్ లేచాడు. పొయ్యి దగ్గరికి వెళ్ళి, బోర్లించిన గిన్నె తిప్పి, బొక్కెన్లోంచి నీళ్ళు పోసి, బల్ల మీది కత్తెర తనే అందులో వేశాడు. రెండు కట్టెలు ఎగదోశాడు.

"కొయ్యి వెర్నా," అన్నాడు.

వెర్నా కొంగు దోపుకున్నట్టు ఏప్రాన్ బిగించుకుంది. "తల ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి. పిల్లని తీసుకురండి."

లోవీనా గుమ్మం వైపు రెండడుగులు వేసింది. సలోమా ఒక అడుగు వెనక్కి, వరండాలోకి వేసింది. బయట గేటు దగ్గర కంకర మీద చక్రాల చప్పుడు మొదలైంది. ఈనోస్ గుర్రం ఆ మలుపులో ఎప్పుడూ ఒకసారి సకిలిస్తుంది. సకిలించింది.

"అత్తయ్యా, ఇవ్వండి."

"నువ్వు ఆగు." సలోమా కోడలి వైపు చూడనే లేదు. కొడుకునే చూస్తోంది. టోపీ నాడాలు గాలికి ఎగిరి పిల్ల మొహం మీద పడుతున్నాయి. ఆమె గొంతు మళ్ళీ తగ్గింది. ఈసారి లోవీనాకి భయం వెయ్యలేదు. అది అత్తయ్య గొంతులా లేదు.

"ఒక్కటి చెప్పరా. చెబితే ఇస్తాను. ఆ రోజు ఆ ముసల్దాని చెయ్యి నేను తోసెయ్యకుండా ఉండాల్సిందా? నిన్ను నేను ఇలా చేశానా? ఎన్నడూ అనలేదు నువ్వు. ఇవాళ నోరొచ్చిందిగా. చెప్పు."

గిన్నెలో నీళ్ళు అంచుల్లో చిన్నగా బుడగలు కట్టాయి. కత్తెర గిన్నె అడుగున కదిలి చప్పుడు చేసింది. చక్రాలు వాకిట్లోకి వచ్చి ఆగాయి.

మహ్లోన్ పిల్ల కోసం చేతులు చాచి నోరు తెరిచాడు.

మాట రాలేదు. ఆ పొరతోనే ఇప్పటిదాకా ఇన్ని మాటలన్నాడు. తల్లి మొహం చూస్తూ, చాచిన చేతులు చాచినట్టే, అలాగే నిలబడ్డాడు. సలోమా పిల్లని ఇవ్వలేదు, కదలలేదు.

మెట్ల మీద ఈనోస్ బూట్ల చప్పుడు వినపడింది.